“మన ఊళ్లో ఎవరు చూస్తారండీ?”: ప్రపంచ సినిమాల మీద అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో నెలకో ఆదివారం సాయంత్రం మేం సినిమా వేస్తాం. అద్దె హాలు, అరువు చాపలు, సొంత ప్రొజెక్టర్. ఎండాకాలంలో పిలిచిన ఊళ్లకు వెళ్లి బడి ఆవరణలో తెర కడతాం. ఈసారి ఏ సినిమా అని అడిగినవాళ్లకు ఇరాన్‌దనో జపాన్‌దనో చెప్పగానే వాళ్ల ముఖంలో ఒక రకమైన జాలి కనిపిస్తుంది. ఆ జాలి వెనక ఉండే మాటలు ఎప్పుడూ అవే. విని విని నాకు వాటి వరస కూడా కంఠతా వచ్చేసింది.

అపోహ: ఇలాంటివి ఇక్కడ ఎవరూ చూడరు.

2023లో ‘బలగం’ వచ్చినప్పుడు మన పల్లెల్లో జరిగింది అప్పుడే మరిచిపోయామా? వీధుల్లో తెరలు కట్టుకుని, ఊరంతా కింద కూర్చుని చూసి ఏడ్చారు. అందులో పెద్ద తారలు లేరు, ఫైట్లు లేవు. ఒక చావు ఇల్లు, పిట్ట ముట్టని ముద్ద, నల్లి బొక్క దగ్గర చెడిన బావా బావమరుదులు.

ఆ కథకు వరసకు అన్న అయ్యే సినిమా కన్నడంలో ఉంది. రామ్ రెడ్డి తీసిన ‘తిథి’. నూటొక్క ఏళ్ల ముసలాయన పోతాడు. పదకొండో రోజు వచ్చేలోపు కొడుకు, మనవడు, మునిమనవడు ఎవరి గొడవలో వాళ్లుంటారు. వేషాలు వేసినవాళ్లు మండ్య జిల్లా పల్లె జనమే, నటన వాళ్ల వృత్తి కాదు. 2015లో స్విట్జర్లాండ్‌లోని లొకార్నో చిత్రోత్సవంలో దానికి బహుమతి వచ్చింది. మా కరపత్రంలో లొకార్నో ఊసే ఎత్తలేదు. “బలగం చూశారుగా, ఇది కన్నడం వాళ్ల పదకొండో రోజు” అని మాత్రం రాశాం. చాపలు చాలలేదు.

అసలు మనది, బయటిది అనే గీత అంత గట్టిదేమీ కాదు. తెలంగాణ సాయుధ పోరాటం మీద వచ్చిన ‘మా భూమి’ దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ, దానికి ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథను బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ 1977లో ‘ఒక ఊరి కథ’గా తెలుగులోనే తీశారు. ఇవి ఎవరి సినిమాలో తేల్చమంటే నా వల్ల కాదు.

అపోహ: సబ్‌టైటిళ్లు చదువుకుంటూ సినిమా ఎలా చూస్తారు?

ఇందులో సగం నిజముంది. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లతో వేసినన్నాళ్లూ మా హాలు సగం సినిమాకే పలచబడేది. తప్పు వాళ్లదనుకుని నేను కొన్నాళ్లు అలిగాను కూడా. ఒక అక్షరం పోల్చుకునేలోపు తరువాతి మాట వచ్చేస్తుంటే ఎవరు మాత్రం కూర్చుంటారు? అప్పుడు తెలుగులో రాయడం మొదలుపెట్టాం.

సబ్‌టైటిల్ ఫైలులో మంత్రమేమీ లేదు. ఏ సెకనుకు మాట రావాలో, ఏ సెకనుకు పోవాలో చెప్పే అంకెలు, వాటి కింద ఆ మాట. అంతే. అయినా నేను చేయని పొరపాటు లేదు. మొదటిసారి ఫైలును యూనికోడ్‌లో భద్రపరచడం మరిచిపోయాను, తెర నిండా ప్రశ్నార్థకాలు నడిచాయి. రెండోసారి అక్షరాలు వచ్చాయి గానీ ఒత్తులు విడిపోయి ఎక్కడివక్కడ పడ్డాయి. మూడోసారి మరీ ఘోరం. మా వీడియో సెకనుకు 24 ఫ్రేములది, నేను అంకెలు ఎత్తుకున్న ఫైలు 25 ఫ్రేముల కాపీది. గంట గడిచేసరికి మాటలు బొమ్మకంటే రెండు నిమిషాలకు పైగా ముందు పరుగెత్తాయి. పిల్లవాడు ప్రశ్న అడగకముందే తల్లి జవాబు వచ్చేసింది.

ఆ సినిమా ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియారొస్తామీ 1987లో తీసినది. తరగతిలో పక్కన కూర్చునే పిల్లవాడి నోటు పుస్తకం అహ్మద్ అనే కుర్రాడి దగ్గరికి పొరపాటున వచ్చేస్తుంది. రేపు అందులో రాసుకురాకపోతే ఆ పిల్లవాణ్ని బడి నుంచి పంపించేస్తానని మాస్టారు అప్పటికే బెదిరించాడు. పుస్తకం ఇచ్చి రావడానికి అహ్మద్ పక్క ఊరికి పరుగెత్తుతాడు. కథ ఇంతే. సినిమా పేరు ‘ఖానె-యె దూస్త్ కొజాస్త్’. నేను ఆ పేరు పలకగానే ముందు వరసలో ఒక పెద్దాయన తలెత్తి “దోస్తా?” అన్నాడు. అవును, అదే మాట. దోస్త్ ఇల్లెక్కడ అని. ఫారసీలో నోటు పుస్తకాన్ని ‘దఫ్తర్’ అంటారు. మన పెద్దలు సర్కారు కచేరీని దఫ్తర్ అనేవారు. ఉర్దూ మీదుగా మన ఇళ్లలోకి వచ్చి కూర్చున్న మాటలు తెర మీంచి వినబడుతుంటే హాల్లో జనం చెవులు రిక్కించారు. నేనేమో ప్రతి చోటా ‘స్నేహితుడు’ అని రాసి పెట్టాను. సిగ్గేసింది. రెండోసారి వేసినప్పుడు అన్నిచోట్లా ‘దోస్తు’ అని మార్చాను.

చదవడం రానివాళ్ల సంగతేమిటని అడుగుతారు. చేర్యాల నకాషీ చిత్రకారులు గీసిన పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ రాత్రంతా కులపురాణం చెప్పిన నేల ఇది. బొమ్మ ఒకరిది, గొంతు ఒకరిది. జపాన్‌లో మూకీల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పే ‘బెన్షీ’లు ఉండేవారు, దర్శకుడు కురొసావా వాళ్ల అన్న కూడా ఆ పనే చేసేవాడు. మా బృందంలో ఒక టీచరమ్మ పల్లెల్లో మైకు పట్టుకుని ఆ పని చేస్తారు. మొదట్లో ఆమె కనిపించినదల్లా చెప్పేవారు. ఒక ఊళ్లో వెనక నుంచి ఒక అవ్వ, “బిడ్డా, వాడు ఏడుస్తున్నది మాకూ కనబడుతోంది. ఎందుకు ఏడుస్తున్నాడో చెప్పు, చాలు” అంది. అప్పటి నుంచి ఆమె మాటలు సగానికి తగ్గాయి, జనం పెరిగారు.

అపోహ: అవార్డు సినిమాలంటే నత్తనడక.

కొన్ని నిజంగానే నత్తనడక. నా ప్రొజెక్టర్ పక్కనే నేను కునుకు తీసిన సందర్భాలున్నాయి, ఏ సినిమాలో చెప్పను. కానీ నిడివి చూడండి. కురొసావా ‘రషోమాన్’ 88 నిమిషాలు, ఇటలీ సినిమా ‘బైసికిల్ థీవ్స్’ 89. మన మామూలు సినిమాకు ఇంటర్వెల్ అయ్యి సమోసాలు తినేసరికి ఇవి పూర్తవుతాయి.

మజీద్ మజీదీ తీసిన ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’ కూడా అంతే, 89 నిమిషాలు. అన్న చేతిలో చెల్లెలి బూట్లు పోతాయి. ఉన్న ఒక్క జత ఉదయం చెల్లెలు, మధ్యాహ్నం అన్న వేసుకుని బడికి వెళ్తుంటారు. చివర్లో పరుగు పందెం. మూడో బహుమతి బూట్ల జత కాబట్టి వాడికి సరిగ్గా మూడో స్థానమే కావాలి. ఒక సర్కారు బడిలో వేశాం. వాడు ముందుకు దూసుకుపోతుంటే మూడు వందల మంది పిల్లలు లేచి నిలబడి “ఆగు, ఆగు!” అని అరిచారు. పందెంలో గెలవొద్దని ప్రేక్షకులు కేకలు వేయడం నేనెక్కడా వినలేదు. వాడు మొదటివాడుగా వచ్చాడు. హాలంతా ఉసూరుమంది.

వరస మాత్రం ముఖ్యం. జపాన్ దర్శకుడు ఓజు తీసిన ‘టోక్యో స్టోరీ’ నాకు ప్రాణం. 1953 నాటిది, రెండుంబావు గంటలు. కొత్త ఊళ్లో మొట్టమొదట దాన్ని వేస్తే మళ్లీ మనల్ని పిలవరు. మేం మూడో ఏడాదిలో వేశాం. పట్నంలో కాపురాలు పెట్టిన పిల్లల్ని చూడాలని వచ్చిన ముసలి తల్లిదండ్రులను ఎక్కడ ఉంచాలో పిల్లలకు తెలియదు, ఎవరికీ తీరిక లేదు. వరంగల్‌లో ఇంటింటా ఒకరు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్నారు. ఆ రోజు దగ్గు కూడా వినబడలేదు.

అపోహ: నలుపు తెలుపు అంటే పాత చింతకాయ పచ్చడి.

‘బైసికిల్ థీవ్స్’లో సైకిల్ విడిపించడానికి భార్య మంచం మీది దుప్పట్లు లాగి కుదువ పెట్టేస్తుంది. వరంగల్ ఆజంజాహీ బట్టల మిల్లులో పనిచేసిన ఒక తాత ఆ ఒక్క దృశ్యం గురించి నాతో అరగంట మాట్లాడారు. హీరోగా వేసినతను నిజంగా ఫ్యాక్టరీ కార్మికుడేనని చెబితే, “నడక చూసి అనుకున్నాను” అన్నారు. రంగు ప్రస్తావన రాలేదు.

అపోహ: ఖరీదైన ప్రొజెక్టర్ ఉంటేనే ఇవి బాగుంటాయి.

ముందు కిటికీలు మూయండి. ఎంత ఖరీదైన యంత్రమైనా వెలుతురు పడే హాల్లో వెలవెలపోతుంది. తెర కింది అంచు నేల నుంచి కనీసం నాలుగడుగులు ఎత్తున ఉండాలి, లేకపోతే సబ్‌టైటిళ్లు ముందువాళ్ల తలల వెనకే ఉండిపోతాయి. పాత సినిమాల బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది. తెర నిండడం లేదని దాన్ని పక్కలకు సాగదీయకండి. నేను ఒకసారి సాగదీశాను. ఒకాయన వచ్చి “వీళ్లందరికీ బుగ్గలెందుకు వాచాయి?” అని అడిగాడు. ఇక మిగిలిన డబ్బుంటే మంచి స్పీకర్ల మీద పెట్టండి.

అపోహ: స్వతంత్ర సినిమా అంటే డబ్బు లేనివాళ్లు తీసే చౌక సినిమా.

స్వతంత్రం అన్నది బడ్జెట్ గురించిన మాట కాదు, నిర్ణయం ఎవరిదన్నదే అందులో సంగతి. రీమా దాస్ ‘విలేజ్ రాక్‌స్టార్స్’ను అసోంలో తన సొంత ఊళ్లో తీశారు. రాసింది, కెమెరా పట్టింది, ఎడిట్ చేసింది, నిర్మించింది ఆమే. 2018లో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. అంతకు ముప్ఫై ఏళ్ల ముందే కేరళలో మలయాళ దర్శకుడు జాన్ అబ్రహాం, ఆయన ఒడెస్సా బృందం ఊరూరా చందాలు పోగుచేసి ‘అమ్మ అరియాన్’ తీశారు.

అపోహ: టికెట్టు పెట్టడం లేదు కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అక్కర ఉంది. ఉచితమైనా బహిరంగ ప్రదర్శన బహిరంగ ప్రదర్శనే. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, హక్కుదారుల అనుమతి కావాలి. ఓటీటీ చందా మీ ఇంట్లో చూసుకోవడానికే. బడుల్లో చదువులో భాగంగా, విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రుల వరకే వేస్తే కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది. భారతీయ సినిమాకు కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, కాబట్టి 1955 నాటి ‘పథేర్ పాంచాలి’కి ఆ గడువు 2015తో తీరింది. కొత్తవాటికి దర్శకులకే నేరుగా రాయండి. మేం రాసిన చిన్న సినిమాల వాళ్లలో చాలామంది జవాబిచ్చారు, కొందరు రుసుము కూడా వద్దన్నారు.

అపోహ: సినిమా అయ్యాక చర్చ తప్పనిసరి.

మైకు చేతికిస్తే మన జనం “చాలా బాగుంది” అని తిరిగి ఇచ్చేస్తారు. మేం రెండేళ్లు ప్రయత్నించి మైకు మానేశాం. లైట్లు వేశాక చెప్పుల కోసం వెతుక్కుంటూనో, చాప రెండు కొసలు పట్టుకుని మడత పెడుతూనో పక్కవాళ్లతో మాట్లాడటం మొదలుపెడతారు. అహ్మద్ సినిమా నాడు ఒకామె చాప మడుస్తూ, “మా వాడైతే ఆ పుస్తకం నా చేతికే ఇచ్చి పొమ్మనేవాడు” అంది. పక్కనున్న కొడుకు కాదన్నాడు. ఆ వాదన గేటు దాకా సాగింది. అందుకే ఇప్పుడు చాపలు మేమే గబగబా చుట్టేయడం మానేశాం.