ఆలివ్ చేదు: నూనెలో ఎంత, ఆకులో ఎంత

తాజా ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనెను చెంచాడు నేరుగా మింగితే గొంతులో మంట పుడుతుంది, కొందరికి దగ్గు కూడా వస్తుంది. ఫిలడెల్ఫియాలోని మోనెల్ పరిశోధన కేంద్రానికి చెందిన గ్యారీ బీచమ్ సిసిలీలో ఇటువంటి నూనెను రుచి చూసినప్పుడు, ఐబుప్రోఫెన్ అనే నొప్పి మందు ద్రవం తాగినప్పుడు కలిగే మంట ఆయనకు గుర్తొచ్చింది. మంటకు కారణమైన ఓలియోకాంథాల్ అనే పదార్థం నొప్పి, వాపులను కలిగించే ఎంజైములను ఐబుప్రోఫెన్ మాదిరిగానే అడ్డుకుంటుందని ఆయన బృందం 2005లో ప్రకటించింది. అయితే 50 గ్రాముల నూనె తాగినా ఐబుప్రోఫెన్ పెద్దల మోతాదులో పదోవంతుకు సమానమైన పదార్థమే అందుతుంది; దానితో పాటు సుమారు 450 కెలోరీలు లోపలికి వెళతాయి కాబట్టి దీన్ని నొప్పి మాత్రకు బదులుగా వాడటం కుదరదు.

ఈ ఘాటు, చేదు పాలీఫినాళ్లు అనే సహజ మొక్కల పదార్థాల వల్ల వచ్చేవి. పండును యంత్రంతో నలిపి తీసిన ఎక్స్‌ట్రా వర్జిన్ నూనెలో అవి నిలుస్తాయి, శుద్ధి చేసినప్పుడు చాలావరకు పోతాయి. మన నగరాల దుకాణాల్లో తక్కువ ధరకు దొరికే పామేస్ నూనె, పిప్పిలో మిగిలినదాన్ని ద్రావకాలతో లాగి శుద్ధి చేసినది. అందులో ఆలివ్ నూనెలోని ప్రధాన కొవ్వు ఆమ్లమైన ఓలియిక్ ఆమ్లం ఉంటుంది గానీ, ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2011లో ఆమోదించిన ప్రయోజనం, అంటే రక్తంలోని కొవ్వులు ఆక్సీకరణం చెందకుండా కాపాడటం, దానికి వర్తించదు. 20 గ్రాముల నూనెలో కనీసం 5 మిల్లీగ్రాముల హైడ్రాక్సీటైరోసాల్ అనే పాలీఫినాల్, దాని సంబంధిత పదార్థాలు ఉండాలన్నది అక్కడి షరతు.

గుండె విషయంలో బలమైన ఆధారం స్పెయిన్ నుంచి వచ్చింది. గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 7,447 మందిపై జరిగిన ప్రెడిమెడ్ అధ్యయనం 2013లో వెలువడింది, కొన్ని కేంద్రాల్లో మనుషులను బృందాలుగా విభజించడంలో పొరపాట్లు బయటపడటంతో 2018లో ఉపసంహరించి, లెక్కలు సరిచూసి మళ్లీ ప్రచురించారు. కొవ్వు తగ్గించమని సలహా పొందినవారి కంటే ఎక్స్‌ట్రా వర్జిన్ నూనెతో మధ్యధరా ఆహారం తిన్నవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి సుమారు 30 శాతం తక్కువని రెండోసారీ తేలింది. వారు తిన్నది నూనె ఒక్కటే కాదు, కూరగాయలు, పప్పులు, చేపలతో కూడిన భోజనం. రోజూ తినే వేపుళ్ల మీద అదనంగా రెండు చెంచాలు పోసుకుంటే ఆ ఫలితం వస్తుందని నేను నమ్మను.

ఆకు కథ వేరు. అందులో ఓలియోరోపీన్ అనే చేదు పదార్థం దండిగా ఉంటుంది. ఆకు కషాయం జ్వరానికి పనిచేస్తుందని ఔషధ నిపుణుడు డేనియల్ హాన్‌బరీ 1854లోనే లండన్ ఔషధ పత్రికలో రాశారు. 2011లో ఇండోనేషియాలో ప్రాథమిక దశ రక్తపోటు ఉన్నవారికి ఎనిమిది వారాలు రోజుకు రెండుసార్లు 500 మిల్లీగ్రాముల ఆకు సారం ఇస్తే, కాప్టోప్రిల్ అనే బీపీ మందు తీసుకున్నవారితో దాదాపు సమానంగా రక్తపోటు తగ్గింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న మూడో బృందం లేదు కాబట్టి, ఆ తగ్గుదలలో ఆకు వాటా ఎంతో దీన్నిబట్టి చెప్పలేము. ఐరోపా ఔషధ సంస్థ కూడా ఒంట్లో స్వల్పంగా నీరు చేరినప్పుడు, అదీ తీవ్రమైన జబ్బు లేదని వైద్యులు తేల్చాకే, సంప్రదాయ వాడుకగా మాత్రమే దీన్ని అంగీకరించింది. ఆకు నిజంగా పనిచేస్తే ప్రమాదమూ అక్కడే ఉంది: బీపీ, షుగర్ మాత్రలు వాడేవారు వైద్యులకు చెప్పకుండా ఆకు సారం గుళికలు మొదలుపెడితే రక్తపోటు గానీ చక్కెర గానీ మరీ పడిపోవచ్చు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు భద్రమని చెప్పగల సమాచారం లేదు.

ఆలివ్ నూనె, నిమ్మరసం కలిపి తాగి పిత్తాశయపు రాళ్లు పడగొట్టుకున్నామని చెప్పేవారున్నారు. అలా బయటపడిన ఆకుపచ్చ ఉండలను పరీక్షించి, అవి కడుపులో నూనె గడ్డకట్టి తయారైన సబ్బు ముద్దలేనని 2005లో లాన్సెట్ పత్రికలో వైద్యులు తెలిపారు. అసలు రాయి లోపలే ఉండగా చికిత్స ఆలస్యం కావడం ఇందులోని నష్టం.

మన ఇళ్లలో మరో వాడుక పసిబిడ్డల ఒంటికి మర్దన. ఆలివ్ నూనె కొన్ని వారాలు రాసుకున్న పెద్దల్లో చర్మపు రక్షణ పొర బలహీనపడినట్టు 2013లో కనిపించింది. 2016లో మాంచెస్టర్‌లో 115 మంది నవజాత శిశువులను పరిశీలించినప్పుడు, ఆలివ్, పొద్దుతిరుగుడు నూనెలు రెండూ ఆ పొరలోని కొవ్వులు సక్రమంగా అమరకుండా ఆటంకపరిచాయి. ఇంట్లో ఎవరికైనా ఎగ్జిమా (దురద పెట్టే చర్మవ్యాధి) ఉంటే, పొడిబారిన బిడ్డ చర్మానికి ఈ నూనె రాసే ముందు పిల్లల వైద్యులను అడగాలి.