రెండర్ మధ్యలో పీసీ ఆరిపోతే గ్రాఫిక్ కార్డు పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

"ఎక్స్‌పోర్ట్ 60 శాతం దాకా వచ్చి టప్పున ఆరిపోతోంది. గ్రాఫిక్ కార్డు పోయిందంటున్నారు, వారంటీకి పంపేయమంటారా?" సొంతంగా పీసీ కట్టుకున్నవాళ్ల నోట మళ్లీ మళ్లీ వినే మాట ఇది. పెళ్లిళ్ల సీజన్లో వీడియోలు అప్పగించాల్సినవాళ్లకు ఆ కంగారు ఊరికే రాదు. అయినా కాస్త ఆగండి. కార్డు పాడైతే ఎక్కువగా తెర మీద గళ్లూ రంగు చుక్కలూ వస్తాయి, డ్రైవర్ క్రాష్ అవుతుంది. చెప్పాపెట్టకుండా సిస్టమ్ మొత్తం ఒక్కసారే ఆరిపోతుంటే ముందు అనుమానించాల్సింది ఎస్ఎంపీఎస్‌ని, అంటే పీసీ భాగాలన్నిటికీ కరెంటు అందించే పవర్ సప్లై డబ్బాని.

అపోహ: 650 వాట్లని రాసుంటే 650 వాట్లు ఇస్తుంది

జేబుకి పెద్ద చిల్లు పడేది ఇక్కడే. డబ్బా మీది పెద్ద అంకెను వదిలేసి, ఎస్ఎంపీఎస్ ఒంటి మీది స్టిక్కర్ చూడండి. ప్లస్ 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లున్నాయో దాన్ని 12తో హెచ్చవేయండి. 34 ఉంటే 408 వాట్లు, అంతే. నిఖార్సైన 650లో అక్కడ 54 దాకా ఉంటుంది. ప్రాసెసరూ కార్డూ లాగేది దాదాపు అంతా ఆ 12 వోల్టుల నుంచే. మిగతా వాట్లు 3.3, 5 వోల్టుల గళ్లలో అంకెల కోసం కూర్చున్నవి. క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చేదాని సంగతి అడగనే వద్దు.

ఇప్పుడు లెక్క. రైజెన్ 7 9700ఎక్స్ ప్రాసెసర్‌కి టీడీపీ (పార్టీ కాదు లెండి, కంపెనీ చెప్పే వేడి లెక్క) 65 వాట్లు. లోడు పడితే మామూలు సెట్టింగుల్లో 88 దాకా లాగుతుంది. ఆర్‌టీఎక్స్ 5070 కార్డుకి 250. బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లకి ఇంకో 70. వెరసి 400 పైచిలుకు. మరి 750 వాట్ల ఎస్ఎంపీఎస్ కొనమనేది ఎందుకంటే, గేమ్‌లో సీను మారిన క్షణంలో కార్డు తన రేటింగ్ దాటి ఒక్క ఉదుటున ఎగురుతుంది. ఆ దెబ్బకి నాసిరకం ఎస్ఎంపీఎస్‌లో వోల్టేజీ కుంగుతుంది, లేదా ప్రొటెక్షన్ ట్రిప్ అయి తనంతట తనే ఆగిపోతుంది. ఎడిటింగ్‌ది ఇంకో తీరు: నాయిస్ రిడక్షన్ (వీడియోలో గరుకుదనం తగ్గించే ఎఫెక్టు) వేసి ఎక్స్‌పోర్ట్ పెడితే ప్రాసెసరూ కార్డూ గంటల తరబడి కలిసి లాగుతాయి. ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 అని ఉన్న 750 తీసుకోండి. 2022లో వచ్చిన 3.0 ప్రమాణం ఈ ఎగురుళ్లను తట్టుకోవడానికే రాసింది. 80 ప్లస్ గోల్డ్ ముద్ర కరెంటు ఎంత వృథా అవుతుందో చెబుతుంది కానీ, లోపల ప్రొటెక్షన్లు ఎలా ఉన్నాయో చెప్పదు.

కేబుళ్లు కూడా. 8 పిన్నుల కేబుల్ ఒక్కోటి 150 వాట్లకి. కార్డుకి రెండు కావాలంటే విడివిడిగా రెండు లాగండి, ఒకే కేబుల్ చివర రెండు తలలున్నది వద్దు. 16 పిన్నులదైతే సందు కనిపించకుండా లోపలికంటా నొక్కండి. అన్నిటికన్నా ముఖ్యం, పాత మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీసే రకం) ఎస్ఎంపీఎస్ కేబుళ్లు కొత్తదానికి తగిలించొద్దు. ప్లగ్గు చక్కగా దిగుతుంది. కానీ ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకో రకం, ఒక్కోసారి మోడల్‌కో రకం. 5 వోల్టులు రావాల్సిన చోట 12 వచ్చిందంటే హార్డ్ డిస్కూ, అందులోని ఫుటేజీ రెండూ గోవిందా.

అపోహ: యూపీఎస్ ఉందిగా, కరెంటు బాధ లేదు

మామూలు 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్లే. పై లెక్క 400 దాటింది, మానిటర్ అదనం. రెండర్ మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ కుయ్యిమని దానితోపాటు పీసీనీ ఆర్పేస్తుంది. వీఏ కాదు, వాట్లు చూసి కొనండి. ప్యూర్ సైన్‌వేవ్ (గోడ కరెంటులాంటి నున్నటి అల) ఇచ్చేదైతే మేలు. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటుని సమంగా లాగే సర్క్యూట్) ఉన్న కొన్ని ఎస్ఎంపీఎస్‌లు చవక యూపీఎస్‌ల స్క్వేర్‌వేవ్ మీద నిలబడవు.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? ఎర్తింగ్ లేదు. ఎస్ఎంపీఎస్ ఫిల్టర్‌లోని కెపాసిటర్ల ద్వారా కొద్దిపాటి కరెంటు బాడీకి చేరుతుంది, ఎర్త్ ఉంటే అటు పోతుంది. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నులకు మార్చే కన్వర్టర్ తీసేసి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

అపోహ: ర్యామ్ స్లాట్లు నాలుగున్నాయి కాబట్టి నాలుగూ నింపాలి

డీడీఆర్5 (ఇప్పటి తరం ర్యామ్) లో వద్దు. రైజెన్ 7000 సిరీస్ ప్రాసెసర్లకి ఏఎండీ చెప్పిన వేగం రెండు స్టిక్కులకి 5200 MT/s, నాలుగు పెడితే 3600. 64 జీబీ కావాలంటే ఒకే ప్యాక్‌లో వచ్చిన 32 జీబీవి రెండు కొని, ప్రాసెసర్ వైపు నుంచి 2, 4 స్లాట్లలో పెట్టండి. మొదటిసారి ఆన్ చేశాక కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉంటుంది. అది మెమొరీ ట్రైనింగ్, అంటే బోర్డు ర్యామ్‌కి తగిన సెట్టింగులు వెతుక్కోవడం. పోయిందనుకుని పవర్ బటన్ నొక్కేయకండి.

మిగతావి చకచకా. "అవుట్ ఆఫ్ వీడియో మెమొరీ" అని గేమ్ క్రాష్ అయినా తప్పు కార్డుదే కానక్కర్లేదు. ఇంటెల్ 13, 14 తరం ఐ7, ఐ9ల వోల్టేజీ లోపంలో కనిపించిన ఎర్రర్ అదే. 2024లో వచ్చిన 0x12బీ మైక్రోకోడ్ (చిప్పు లోపలి సాఫ్ట్‌వేర్), లేదా ఆ తర్వాతిది ఉన్న బయోస్ వేయండి. అప్పటికే దెబ్బతిన్న చిప్పు మాత్రం దానితో బాగుపడదు. సెకండ్ హ్యాండ్‌లో అవి చవగ్గా వస్తున్నాయంటే ఆలోచించుకోండి. ఎడిటింగ్‌కి పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ చిప్పు కొంటే క్విక్ సింక్ (వీడియో పని చకచకా చేసిపెట్టే చిప్పులోని విభాగం) పోతుంది. కెమెరాలో 4:2:2 10 బిట్ హెచ్ఈవీసీ (రంగుల వివరం ఎక్కువున్న వీడియో ఫార్మాట్) తీసేవాళ్లకి టైమ్‌లైన్ నత్తనడకే, దాన్ని నేరుగా చదవగల ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ లాంటి కార్డు ఉంటే తప్ప. ప్రాసెసర్, కార్డుల్లో ఏది రెండోదాన్ని వెనక్కి లాగుతోందో లెక్క చెప్పే బాటిల్‌నెక్ కాలిక్యులేటర్ల శాతాలు చూసి నిద్ర మానుకోవడం దండగ.

ఆరిపోవడం మొదలైతే విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో (సిస్టమ్ రాసుకునే చిట్టా) కెర్నల్ పవర్ 41 అనే ఎర్రర్ కనిపిస్తుంది. అది పీసీ సవ్యంగా షట్‌డౌన్ కాలేదనే చెబుతుంది, ఎందుకో చెప్పదు. పక్కనే వీయా లాగర్ (WHEA-Logger) 18 ఉంటే ప్రాసెసర్, ర్యామ్ సెట్టింగుల వైపు చూడండి. ఎక్స్‌పో (ర్యామ్ వేగం పెంచే బయోస్ సెట్టింగు) ఆపేసి, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లు నడపండి. వీయా లాగర్ 18 లేకపోతే ఆఫ్టర్‌బర్నర్ (కార్డు సెట్టింగులు మార్చే సాఫ్ట్‌వేర్) లో కార్డు పవర్ లిమిట్ 70 శాతానికి దించి అదే ఎక్స్‌పోర్ట్ మళ్లీ పెట్టండి. ఈసారి చివరిదాకా వెళ్తే, అనుమానం ఎస్ఎంపీఎస్ మీదే. కార్డుని కదపకుండా తెలిసినవాళ్ల దగ్గర మంచి ఎస్ఎంపీఎస్ ఒకటి, దాని కేబుళ్లతో సహా, ఒక పూటకి అడిగి తెచ్చుకోండి.