అరికాలి మెలనోమా జన్యువులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: చర్మ క్యాన్సర్ తెల్లవాళ్ల జబ్బు, మనకు రాదు.

వాస్తవం: ఎండ వల్ల వచ్చే మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల క్యాన్సర్) మనలో అరుదే. కానీ అరికాలు, అరచేయి, గోరు కింద పుట్టే ఏక్రల్ మెలనోమాకు ఒంటి రంగుతో పనిలేదు. 1981లో గాయకుడు బాబ్ మార్లే ప్రాణం తీసింది ఇదే. హైదరాబాద్‌లోనూ దీన్ని ఆనెకాయ అనుకుని మెడికల్ షాపులో కార్న్ క్యాప్ కొని అంటించుకుంటారు. గోరు మీది నల్లచార పక్క చర్మంలోకి పాకుతుంటే వెంటనే చూపించుకోండి. గోరింటాకు పెడితే ఆ మరక కనిపించకుండా పోతుంది.

అపోహ: మెలనోమా ఏదైనా బీరాఫ్ అనే జన్యువు పరీక్ష ఒక్కటి చాలు.

వాస్తవం: ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. ఎండ తగిలే చర్మంలోని మెలనోమాలో డీఎన్ఏ నిండా అతినీలలోహిత కిరణాలు చేసిన చిన్న చిన్న మార్పులుంటాయి, సుమారు సగం మందిలో బీరాఫ్ మార్పు దొరుకుతుంది. అరికాలి రకంలో అలాంటివి తక్కువ. క్రోమోజోములే విరిగి, తప్పుగా అతుక్కుని, సీసీఎన్‌డీ1, టెర్ట్, కిట్ వంటి జన్యువుల కాపీలు పెరుగుతాయి. బీరాఫ్ మార్పు ఐదారుగురిలో ఒకరికే ఉంటుంది. అందుకే బీరాఫ్ నెగెటివ్ వస్తే అక్కడితో ఆపకూడదు, ఎన్‌రాస్, కిట్ జన్యువులు కూడా చూడాలి. కిట్‌లో 11 లేదా 13వ ఎక్సాన్‌లో (జన్యువులోని ఒక భాగంలో) మార్పుంటే ఇమాటినిబ్ అనే మందు పనిచేసే అవకాశముంది. కాపీలు మాత్రమే పెరిగితే ఆ ఆశ చాలా తక్కువ.

అపోహ: కణితి ముక్క ఎలా పంపినా పరీక్ష వస్తుంది.

వాస్తవం: జిల్లాల నుంచి నగరంలోని ల్యాబులకు వచ్చే నమూనాలు చాలావరకు చెడేది ఇక్కడే. ముక్కకు పది రెట్లు 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ (ముక్క చెడకుండా కాపాడే ద్రవం) పోయాలి, 6 నుంచి 48 గంటలు ఉంచాలి. వేలు తీసేసినప్పుడు ఎముకను ఘాటైన యాసిడ్‌లో మెత్తబరిస్తే డీఎన్ఏ ముక్కలైపోతుంది. ఎముక లేని కణితి భాగాన్ని ముందే వేరే బ్లాక్‌లో (మైనపు దిమ్మలో) పెట్టాలి, ఎముకను మెత్తబరచడం తప్పనిసరైతే యాసిడ్ బదులు డీఎన్ఏను అంతగా చెడగొట్టని ఈడీటీఏ అనే రసాయనం వాడాలి. ఇక కణితి బాగా నల్లగా ఉంటే మెలనిన్ (ఆ నల్లరంగు పదార్థం) పీసీఆర్ (డీఎన్ఏ కాపీలు పెంచే పరీక్ష) ఎంజైమును అడ్డుకుంటుంది. అలా ఫెయిలైన రిపోర్టును నెగెటివ్‌గా చదవకండి. డీఎన్ఏను మళ్లీ శుద్ధిచేసో, పలుచన చేసో పరీక్ష నడపాలి.

అపోహ: కత్తి తగిలితే పాకుతుంది.

వాస్తవం: పాకదు. కాటరీతో (కాల్చే పరికరంతో) కాల్చేస్తేనే ముప్పు, ఎందుకంటే కణితి ఎన్ని మిల్లీమీటర్ల లోతుందో ఇక తెలియదు.

అపోహ: రిపోర్టులో జన్యువు పేరుంటే పిల్లలకూ వస్తుంది.

వాస్తవం: బీరాఫ్, కిట్ మార్పులు కణితిలో పుట్టినవి, వంశపారంపర్యంగా వచ్చినవి కావు. కుటుంబంలో పలువురికి మెలనోమా లేదా పాంక్రియాస్ క్యాన్సర్ ఉంటేనే సీడీకేఎన్2ఏ (వంశంలో ఆ ముప్పు తెచ్చే జన్యువు) కోసం రక్తపరీక్ష అడగండి.