వీల్‌చైర్ పెట్టాం కదా, ఇంకేం టెన్షన్? – డిమెన్షియా ఉన్నవాళ్ళతో విమాన ప్రయాణం: అపోహలు, వాస్తవాలు

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లల దగ్గరికి, డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే జబ్బు) ఉన్న అమ్మానాన్నలు బయల్దేరే రోజులు వచ్చాయంటే మా మెమరీ క్లినిక్‌కి ఫోన్లు మొదలవుతాయి. అందరి మాటల్లోనూ ఇవే అపోహలు.

అపోహ: వీల్‌చైర్ బుక్ చేశాం, నాన్నని ఒక్కరినే పంపేయొచ్చు.

అన్నిటికంటే నాకు భయం వేసేది దీనికే. ఇంగ్లీషు రాదని, దారి తెలియదని ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి కూడా మనవాళ్ళు వీల్‌చైర్ పెట్టిస్తారు, వాళ్ళకి అది బాగానే పనికొస్తుంది. కానీ తోసే మనిషి గేటు దగ్గర దింపేసి ఇంకొకరి కోసం వెళ్ళిపోతాడు, దోహాలో మూడు గంటలు ఆగాల్సి వస్తే అంతసేపూ పక్కన కూర్చోడు. ఇంట్లో బాత్రూమ్ ఎక్కడో, మంచం ఎక్కడో ఏళ్ళ అలవాటు కాబట్టి నాన్న బాగానే ఉన్నారనిపిస్తుంది. అదే మనిషి అర్ధరాత్రి, అర్థం కాని అనౌన్స్‌మెంట్ల మధ్య "ఇంటికి పోదాం" అని లేచి నడిస్తే ఆపేదెవరు? తొలి దశలో ఉండి, హైదరాబాద్ నుంచి విశాఖకి గంటలో దిగిపోయే ప్రయాణమైతే ఆలోచించొచ్చు. విమానం మారాల్సి ఉంటే మాత్రం తోడు లేకుండా పంపమని నేను చెప్పను.

ఎయిర్‌లైన్‌కి కనీసం 48 గంటల ముందు ఫోన్ చేసి, నడవగలరు గానీ చెప్పింది అర్థం చేసుకోలేరని విడిగా చెప్పండి. దానికి బుకింగ్‌లో రాసే డీపీఎన్ఏ అని వేరే కోడ్ ఉంది, వీల్‌చైర్ కోడ్ చూస్తే ఈ సంగతి ఎవరికీ తెలియదు.

అపోహ: డిమెన్షియా అని చెబితే ఎక్కనివ్వరు, దాచేయడమే మంచిది.

జబ్బు పేరు చూసి ఎక్కనివ్వకపోవడం అనే రూలేమీ లేదు. భద్రతా సూచనలు అర్థం చేసుకోలేని స్థితిలో ఉంటే తోడు ఉండాలని అడగొచ్చు, డాక్టర్ లెటర్ అడగొచ్చు, అంతే. దాచిపెట్టి, పైకి వెళ్ళాక ఆయన గట్టిగా అరిస్తే సిబ్బంది తాగొచ్చాడనుకుంటారు. పైకి కనిపించని ఇబ్బందులున్నవాళ్ళ కోసం పొద్దుతిరుగుడు పువ్వుల ఆకుపచ్చ ట్యాగ్ ఒకటుంది, 2016లో లండన్ గాట్విక్‌లో మొదలైంది, మన బెంగళూరు ఎయిర్‌పోర్ట్‌లోనూ ఇస్తున్నారు. అడిగి మెడలో వేయించండి.

అపోహ: కొడుకు పక్కనే ఉంటాడుగా, అమ్మకి ఇబ్బంది లేదు.

మన ఎయిర్‌పోర్ట్‌లలో సెక్యూరిటీ దగ్గర ఆడవాళ్ళని కర్టెన్ వెనక విడిగా తనిఖీ చేస్తారు. సరిగ్గా అక్కడే కొడుకు కనబడడు, ఎవరో కొత్త మనిషి ఒంటి మీద చేతులు వేస్తుంది, అమ్మ బెదిరిపోతుంది. లైన్లో ఉండగానే సీఐఎస్ఎఫ్ వాళ్ళకి విషయం చెప్పండి, వీలైతే కూతురో కోడలో వెంట ఉండేలా చూసుకోండి. టాయిలెట్‌కి వికలాంగుల కోసం ఉన్నది వాడండి, సాధారణంగా ఇద్దరూ కలిసి వెళ్ళొచ్చు. విమానంలో లోపల గడియ పెట్టుకుంటే కంగారొద్దు, సిబ్బంది బయట నుంచి తీయగలరు.

అపోహ: ఒక అవిల్ (మగత తెప్పించే అలర్జీ మాత్ర) వేస్తే దిగేదాకా పడుకుంటారు.

వద్దు. జ్ఞాపకశక్తికి ఇచ్చే డోనెపెజిల్ మెదడులో జ్ఞాపకశక్తికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని పెంచుతుంది, అవిల్ దాని పనినే అడ్డుకుంటుంది. రెండూ కలిపి ఇస్తే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టే. అల్ప్రాజోలామ్ లాంటి ఆందోళన తగ్గించే మాత్రలు వేస్తే కొందరు నిద్రపోకపోగా ఇంకా రెచ్చిపోతారు, లేదా మగతలో లేచి పడిపోతారు. మందు తప్పనిసరైతే డాక్టర్‌తో మాట్లాడి, ప్రయాణానికి ముందే ఇంట్లో ఒకసారి వేసి చూడాలి.

అపోహ: గాలిలో ఉండగా తలుపు తీసేస్తే?

పైన ఎగురుతున్నప్పుడు లోపలి గాలి ఒత్తిడికి తలుపు బిగిసిపోయి ఉంటుంది, ఎవరి బలమూ చాలదు. అయినా వాళ్ళకి కిటికీ పక్క సీటు తీసుకుని, నడిచే దారి వైపు మీరు కూర్చోండి.

అపోహ: దిగిపోతే గండం గడిచినట్టే.

జెట్‌లాగ్‌తో రాత్రీ పగలూ తారుమారై, మొదటి కొద్ది రోజులు అయోమయం ఎక్కువవడం మామూలే. కానీ ఉన్నట్టుండి మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, జ్వరం వచ్చినా, పగలంతా మత్తుగా ఉన్నా జబ్బు ముదిరిందిలే అని ఊరుకోకండి. నీళ్ళు తాగకపోవడం వల్లో మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్లో అలా కావచ్చు, అదే రోజు డాక్టర్‌కి చూపించండి.