బూజు ఎవరి కోసం మందు చేస్తుంది?

చిరంజీవులకు,

పెన్సిలిన్ బూజు నుంచి వచ్చిందని పాఠంలో చదివి, "అయితే బూజు పట్టిన రొట్టె తింటే జ్వరం తగ్గాలి కదా, తాతయ్యా?" అని మొన్న ఫోనులో అడిగారు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. కానీ ఏళ్ల తరబడి ప్రయోగశాలలో బూజులు పెంచినవాణ్ని. ఆ ప్రశ్నకు నవ్వు జవాబు కాదని తర్వాత అనిపించి ఇది రాస్తున్నాను.

ముందుగా, తినకూడదు. అస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు గింజల మీద పెరుగుతూ అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది కాలేయానికి క్యాన్సర్ తెప్పించగలదు, వండినా పూర్తిగా పోదు. అదే అస్పర్జిల్లస్ కుటుంబంలోని మరో బూజు మాత్రం కొన్ని కోట్ల మంది గుండెను కాపాడుతున్న మందుకు మూలమైంది. దాని సంగతికి తర్వాత వస్తాను.

బూజు అసలు ఇవన్నీ ఎందుకు తయారుచేస్తుందో చూడండి. దానికి నోరూ లేదు, కడుపూ లేదు. తిండి మీదే ఎంజైములు వదిలి, బయటే అరిగించి, కరిగినదాన్ని పీల్చుకుంటుంది. అలా కరిగించి పెట్టుకున్న తిండిని పక్కనున్న బ్యాక్టీరియా ఎగరేసుకుపోవచ్చు. అందుకే అది తన చుట్టూ రకరకాల రసాయనాలు వదిలి పొరుగువారిని దూరంగా ఉంచుతుందని శాస్త్రజ్ఞులు భావిస్తారు. మనకు జ్వరం వచ్చిందో లేదో దానికి పట్టదు.

1928 సెప్టెంబరులో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ లండన్‌లోని సెయింట్ మేరీ ఆసుపత్రిలో చూసింది ఈ తగాదానే. సెలవుల నుంచి తిరిగివచ్చి పాత గాజు పళ్లేలు తిరగేస్తుంటే ఒకదాని అంచున బూజు మచ్చ కనిపించింది. దానికి దూరంగా ఉన్న స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా చుక్కలు నిండుగా ఉన్నాయి. దగ్గరగా ఉన్నవి కరిగిపోయి, గాజు మీద నీటి మరకల్లా మిగిలాయి. బ్యాక్టీరియా తన ఒంటి చుట్టూ వలలాంటి గట్టి గోడ అల్లుకుంటుంది. ఆ అల్లికను ముడివేసే ఎంజైమును, బూజు వదిలిన పెన్సిలిన్ పట్టేసి కదలనివ్వదు. పెరుగుతున్న కొద్దీ గోడ బలహీనపడి, లోపలికి నీరు చేరి, ఆ కణం పగిలిపోతుంది. మన కణాలకు అలాంటి గోడే లేదు, కాబట్టి మనకు ఆ దెబ్బ తగలదు. పెన్సిలిన్ గొప్పతనమంతా ఇందులోనే ఉందని నా అభిప్రాయం.

అయినా చూడటం వేరు, మందు చేయడం వేరు. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్ అనే శాస్త్రజ్ఞుల బృందం జబ్బుపడిన ఒక పోలీసుకు పెన్సిలిన్ ఇచ్చింది. ఆయన కోలుకోసాగాడు. కానీ నిల్వ తరిగిపోయింది. ఆయన మూత్రం నుంచి మందును తిరిగి వడగట్టి మరీ ఎక్కించారు. అదీ చాలక ఆయన చనిపోయాడు. బూజు ఇచ్చేది అంత కొంచెం! తర్వాత అమెరికాలోని పియోరియాలో, బూజు పట్టిన ఒక కర్బూజా పండు మీద దొరికిన రకం ఎంతో ఎక్కువ పెన్సిలిన్ ఇవ్వడంతో కొరత తీరే దారి దొరికింది. మీ రొట్టె ప్రశ్నకు ఇక్కడే సగం జవాబు ఉంది: ఏ రకం బూజో, అందులో మందు ఎంతో, దాని పక్కన విషం ఏదో కంటికి తెలియదు.

ఇప్పుడు గుండె మందు. జపాన్‌లో అకిరా ఎండో అనే శాస్త్రజ్ఞుడు, పొరుగు సూక్ష్మజీవుల కొవ్వు తయారీని ఆపే బూజు ఏదో ఒకటి ఉండకపోతుందా అని ఊహించి, 1971 నుంచి రెండేళ్లపాటు దాదాపు 6,000 రకాలను ఒక్కొక్కటిగా పరీక్షించాడు. చివరికి 1973లో పెనిసిలియం సిట్రినం అనే నీలి బూజులో, కొలెస్టరాల్ తయారీకి కీలకమైన ఎంజైమును అడ్డుకునే పదార్థం దొరికింది. తీరా ఎలుకలకు ఇస్తే వాటి కొలెస్టరాల్ తగ్గలేదు. మరొకరైతే అక్కడితో వదిలేసేవారు. గుడ్లలో కొలెస్టరాల్ ఎక్కువ కదా అని కోళ్లకు ఇచ్చి చూస్తే బాగా తగ్గింది! ఆ దారిలోనే అస్పర్జిల్లస్ టెర్రియస్ నుంచి తీసిన లోవాస్టాటిన్ 1987లో అమెరికాలో అనుమతి పొందింది. ఫ్లెమింగ్‌ది అదృష్టం కలిసొచ్చిన కథ. నాకు ఎండో కథే ఎక్కువ ఇష్టం.

మట్టిలోని మరో శిలీంధ్రం ఇచ్చిన సైక్లోస్పోరిన్ మన రోగనిరోధక శక్తినే నెమ్మదింపజేస్తుంది. వినడానికి కీడులా ఉన్నా, వేరొకరి మూత్రపిండం అమర్చినప్పుడు శరీరం దాన్ని తిరస్కరించకుండా ఆపేది అదే. ఎర్గాట్ సంగతి ఇంకా విచిత్రం. రై ధాన్యపు కంకుల మీద నల్లని కొమ్ముల్లా పెరిగే ఆ శిలీంధ్రం కలిసిన రొట్టె తిని, మధ్యయుగాల ఐరోపాలో ఎందరికో రక్తనాళాలు బిగుసుకుపోయి కాళ్లూ చేతులూ కుళ్లిపోయాయి. దానిలోనుంచే వేరుచేసిన ఎర్గోమెట్రిన్‌ను కొలిచి ఇస్తే గర్భాశయం ముడుచుకుని, కాన్పు తర్వాతి రక్తస్రావం ఆగుతుంది.

అన్నట్టు, స్ట్రెప్టోమైసిన్ అనే మందును ఈ జాబితాలో కలపకండి. దాన్ని చేసేది బూజులా దారాలు సాచే బ్యాక్టీరియా. పరీక్షలో చాలామంది అక్కడే పొరబడతారు.

ఈసారి వచ్చేటప్పుడు మీ భూతద్దం తెచ్చుకోండి. మూత బిగించిన సీసాలో ఒక నారింజ తొక్క ఉంచాను, నీలి బూజు అప్పుడే మొదలైంది. మూత తీయకుండా చూద్దాం.

ఆశీస్సులతో,
తాతయ్య