ఆపేశాక ఊదేదెవరు?

చిరంజీవి చిన్నూకి, బుజ్జికి తాతయ్య దీవెనలు.

మొన్న మీ అమ్మ ఫోనులో చూపించిన వీడియో గురించి చిన్నూ అడిగిన మాట నన్ను వదలడం లేదు. ఏదో పాత రాతి గనిలో జపాన్ ఆయనొకడు లావుపాటి వెదురు గొట్టం ఊదుతున్నాడు. ఊదడం ఆపి ఒళ్లో పెట్టుకున్నాడు. పాట మాత్రం ఆగలేదు. "తాతయ్యా, వెనకాల ఇంకెవరో దాక్కుని ఊదుతున్నారు కదూ?" అన్నాడు వీడు. "కంప్యూటర్‌లో చేస్తార్లే" అని బుజ్జి తేల్చేసింది. చేయొచ్చు, నిజమే. కానీ అలాంటి చోట కంప్యూటర్ అక్కర్లేదమ్మా.

ఆ గొట్టం పేరు షకుహాచి. మన పిల్లనగ్రోవిలా అడ్డంగా పట్టరు, నిలువుగా పట్టి పై కొన అంచు మీద ఊదుతారు. మామూలుగా 54.5 సెంటీమీటర్ల పొడవు. ముందు నాలుగు రంధ్రాలు, వెనక ఒకటి. వేరు దగ్గరి వెదురుతో చేస్తారు కాబట్టి కింది కొన కణుపులు కణుపులుగా ఉంటుంది. అయిదు రంధ్రాలే కదా అని చిన్నచూపు చూడకండి. గడ్డం కాస్త దించితే స్వరం దిగుతుంది, ఎత్తితే ఎక్కుతుంది, గమకమంతా మెడలోనే! ఒకప్పుడు ఫుకె అనే బౌద్ధ శాఖ సన్యాసులు ముఖం కనపడకుండా తలమీద బుట్ట బోర్లించుకుని, దీన్ని ఊదుకుంటూ భిక్షకు తిరిగేవాళ్లు. వాళ్లకది కచేరీ కాదు, ధ్యానం. 1871లో జపాన్ ప్రభుత్వం ఆ శాఖనే రద్దు చేసింది. వాయిద్యం బతికి బట్టకట్టింది.

ఇక అసలు సంగతి. శబ్దమంటే సంచీ నిండా అరిసెలు పెట్టుకుని చుట్టాలను పలకరించడానికి బయల్దేరిన బాబాయి అనుకోండి. గోడలు, నేల, పైకప్పు అన్నీ చుట్టాల ఇళ్లే. ప్రతి ఇంట్లోనూ కొన్ని పుచ్చుకుని "ఎదురింటికి కూడా వెళ్లిరా" అని పంపేస్తారు. సంచీ ఖాళీ అయ్యేదాకా ఆయన తిరుగుతూనే ఉంటాడు, మనకి వినిపిస్తూనే ఉంటాడు. మన హాల్లో పరుపులు, కర్టెన్లు, మనుషులు అందరూ అరిసెలంటే పడిచచ్చేవాళ్లే. నాలుగు గడపలు తొక్కేసరికి సంచీ దులిపేస్తారు. నున్నటి రాయి, సిమెంటు, ఇనుము ఉన్నాయే, వాటికి షుగరు. ఓ ముక్క తుంచుకుని మిగతాదంతా తిప్పి పంపేస్తాయి.

చోటు పెద్దదైతే ఇళ్లు దూరం దూరంగా ఉంటాయి. బాబాయి సెకనుకి దాదాపు 340 మీటర్లు పరిగెడతాడు. మన గదిలో ఆ సెకనులోనే వంద గడపలు తొక్కేస్తాడు. పెద్ద గనిలో పదో పదిహేనో. అంటే ఇచ్చుకోవడం తక్కువ, తిరగడం ఎక్కువ. జపాన్‌లో ఉత్సునోమియా దగ్గర ఓయా అనే చోట అలాంటి గని ఉంది. 1919 నుంచి 1986 దాకా రాయి తవ్వుకుపోగా నేల కింద దాదాపు 20,000 చదరపు మీటర్ల బోలు మిగిలింది. ఇప్పుడది మ్యూజియం. కచేరీలు కూడా పెడతారు. ఓయా రాయి మెత్తనిది, సన్నటి చిల్లులున్నది, అరిసెలు బాగానే తింటుంది. అయినా ఆ దూరాల వల్ల బాబాయి చాలాసేపే తిరుగుతాడు.

అమెరికాలో ఫోర్ట్ వార్డెన్ అనే చోట భూమిలో కట్టిన పాత నీళ్ల తొట్టి ఉంది. దాదాపు 75 లక్షల లీటర్లు పట్టేది. ఖాళీగా ఉన్నప్పుడు దాంట్లో స్వరం 45 సెకన్లు నిలుస్తుంది. పాలిన్ ఒలివెరోస్, స్టువర్ట్ డెంప్‌స్టర్ అనే సంగీతకారులు 1988లో అకార్డియన్, ట్రాంబోన్ అనే వాయిద్యాలు పట్టుకుని అందులోకి దిగి రికార్డు చేసుకున్నారు. స్కాట్లాండ్‌లో ఇంచిన్‌డౌన్ అనే చోట కొండ లోపల యుద్ధకాలపు చమురు ట్యాంకులున్నాయి. ట్రెవర్ కాక్స్ అనే శబ్దశాస్త్రవేత్త అక్కడ ఉత్తుత్తి తూటా పేల్చి కొలిస్తే, 125 హెర్ట్జ్ (అంటే సెకనుకి 125 సార్లు కంపించే) బొంగురు శబ్దం 112 సెకన్లు నిలిచింది! కీచు శబ్దాలకి అంత ఆయుష్షు లేదు. వాటి అరిసెల్ని దారిలో గాలే కాకిలా తన్నుకుపోతుంది. (ఉపమానం సాగుతోందని తెలుసు. ఇంకా సాగదీస్తాను.)

మా ఊళ్లో దిగుడుబావి ఉండేది. ఎండాకాలం నీళ్లు అడుగంటితే అట్టడుగు మెట్టు మీద కూర్చునేవాణ్ణి, తిరునాళ్లలో కొన్న పిల్లనగ్రోవి పట్టుకుని. పెరట్లో ఊదితే "ఆ గోల ఆపరా" అనే మా అన్నయ్య, బావిలోంచి వినిపిస్తే పైనుంచి తొంగిచూసి "ఎవర్రా అది, బాగా ఊదుతున్నాడు" అన్నాడు. గూళ్లలోంచి పావురాలు లేచేవి, రెండే పావురాలు, చప్పుడు మాత్రం ఇరవైది. అయితే బావికి పైకప్పు లేదుగా, బాబాయి సగం సంచీతో ఆకాశంలోకి వెళ్లిపోయేవాడు.

ఇలాంటి చోట వేగం పనికిరాదు. గబగబా స్వరాలు కురిపిస్తే కలగూరగంపే. ముందు వదిలిన స్వరం ఇంకా తిరుగుతూనే ఉంటుంది, తర్వాతది దానితో పొసగాలి. పొసిగితే ఒక్కడు ఊదినా ముగ్గురు ఊదినట్టుంటుంది. ఆ సన్యాసుల పాత బాణీలు ఒక ఊపిరికి ఒక పలుకు, ఆ తర్వాత కాసేపు ఊరుకోవడం, అలా నడుస్తాయి. అందుకే గనుల్లో, తొట్లలో అవి అంతగా ఒదుగుతాయి. పలికి, అది పూర్తయ్యేదాకా ఆగడం. అన్నాల దగ్గర ఇద్దరూ ఒకేసారి మాట్లాడే మీకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇంకోటి వినండి. 1977లో అంతరిక్షంలోకి పంపిన వాయేజర్ నౌకల్లో ఒక బంగారు పూత రికార్డు ఉంది. అందులో గోరో యమగుచి ఊదిన షకుహాచి ఉంది. మన హిందుస్తానీ గాయని కేసర్‌బాయి గొంతూ ఉంది. అక్కడ గోడల్లేవు, గాలీ లేదు. బాబాయి సంచీ విప్పకుండానే పోతున్నాడు. ఎవరింటికో నాకు చెప్పడం రాదు.

మీ పై అంతస్తు ఫ్లాటు ఖాళీ అయిందట కదా. కొత్తవాళ్ల సామాన్లు దిగకముందే, ఇంటివాళ్లనడిగి వెళ్లండి. నడి గదిలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి. తర్వాత నోరు మూసుకుని, కింది స్వరం నుంచి పైకి మెల్లగా "మ్మ్" అనండి. ఏదో ఒక స్వరం దగ్గర గది మీకంటే గట్టిగా పలుకుతుంది. బాత్రూంలో ఇంకా బాగా తెలుస్తుంది. చిన్నూకి ఎక్కడ పలికింది, బుజ్జికి ఎక్కడ పలికింది, తలుపు తీసి ఉంచితే ఏమైంది, అన్నీ రాయండి. పరుపులు, బీరువాలు దిగాక వాళ్లు రమ్మంటే మళ్లీ వెళ్లండి. చెప్పులు బయటే విప్పండి.

మీ తాతయ్య