సగం మార్చిన పైపు

వినలేని మాట వినాల్సి వస్తే "చెవుల్లో సీసం పోసినట్టుంది" అంటాం. రాగి పోసినట్టుంది అనో, ఇనుము పోసినట్టుంది అనో ఎవరూ అనరు. ఎందుకంటే సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు, ఇనుముకైతే 1538 కావాలి. అంత సులువుగా కరిగేది, చేత్తో వంచితే వంగేది, భూమిలో పాతిపెడితే వందేళ్లయినా చెక్కుచెదరనిది ఒక లోహం దొరికితే మనిషి ఊరుకుంటాడా? నీళ్ల పైపులు చేశాడు. రోమన్లు ఊళ్లకు ఊళ్లే సీసం గొట్టాలతో నింపారు. లాటిన్‌లో సీసం పేరు ప్లంబమ్. పైపులు బిగించే మనిషిని మనం ప్లంబర్ అంటున్నది ఆ మాట వల్లే.

ఇందులో తిరకాసు ఉందని అప్పట్లోనే ఒకాయన పసిగట్టాడు. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్, మట్టి గొట్టాల్లో వచ్చే నీళ్లే ఒంటికి మంచివని రాశాడు. సీసం పని చేసేవాళ్ల ఒళ్లు ఎలా పాలిపోయి ఉంటుందో చూడండని సాక్ష్యం కూడా చూపించాడు. ఆ మాట తలకెక్కడానికి రెండు వేల ఏళ్లు పట్టింది. అమెరికాలో కొత్త సీసం పైపులను 1986లో నిషేధించారు. అప్పటిదాకా షికాగోలో మామూలు ఇళ్లకు సీసం పైపే వేయాలని నగర నిబంధనల్లోనే ఉండేది. వేయొచ్చు అని కాదు, వేయాలి అని! ఆ ఒక్క ఊళ్లోనే అలాంటి కనెక్షన్లు సుమారు 4 లక్షలు. దేశమంతా కలిపి 90 లక్షల పైచిలుకు ఉంటాయని అక్కడి పర్యావరణ సంస్థ 2023లో లెక్కగట్టింది.

ఇక్కడ పైపు అంటే రోడ్డు కింద పోయే పెద్ద మెయిన్ కాదు. అది ఎక్కువగా పోత ఇనుముది. మెయిన్ నుంచి చీలి, ఇంటి మీటర్ దాకా వచ్చే బొటనవేలంత లావు పైపు ఒకటుంటుంది. దాన్ని సర్వీస్ లైన్ అంటారు. నేల కుంగినా, పైన బండ్లు తిరిగి మెయిన్ కాస్త కదిలినా విరక్కుండా వంగుతుందని దాన్ని సీసంతో వేశారు.

ఇంట్లోకి వచ్చే పైపు దేనిదో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. పైపు గోడలోంచో నేలలోంచో బయటికొచ్చే చోట, మీటర్‌కి కాస్త ముందు, ఒక నాణెం అంచుతో మెల్లగా గీరాలి. పైన మసిబారినట్టున్న బూడిద రంగు పోయి కింద వెండిలా తళతళలాడితే, అదీ గట్టిగా నొక్కకుండానే గాటు పడితే, అది సీసమే. గీరిన చోట ఎర్రగా కనిపిస్తే రాగి. గీతే సరిగ్గా పడక, అయస్కాంతం టక్కున అంటుకుంటే జింకు పూత ఇనుము. పైగా సీసం పైపు చివర, వాల్వుకు కలిసే చోట, పాము కోడిగుడ్డు మింగినట్టు ఒక ఉబ్బు ఉంటుంది. వేడి టంకాన్ని గుడ్డతో అద్ది, తుడిచి అతికే పాతకాలపు పనితనం అది. ఒకసారి చూస్తే మళ్లీ మర్చిపోరు. గీరిన తర్వాత చేతులు కడుక్కోండి.

సీసం అని తేలగానే టెన్షన్ మొదలవుతుంది. కానీ ఒక వింత ఉంది. ఒకే రకం పైపు ఒక ఊళ్లో దశాబ్దాల తరబడి దాదాపు సీసం లేని నీళ్లిస్తుంది, పక్క ఊళ్లో విషం కక్కుతుంది. తేడా పైపులో లేదు, దాని లోపలి గోడకు పట్టిన పెచ్చులో ఉంది. నీళ్లలోని ఆక్సిజన్, క్లోరిన్ సీసాన్ని కొద్దికొద్దిగా తింటాయి. అలా విడిపోయిన సీసం నీళ్లలోని కార్బొనేట్లతో కలిసి మళ్లీ గోడకే పొరలా అంటుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పొర గట్టిపడి, లోహానికీ నీళ్లకీ మధ్య తడికలా నిలబడుతుంది. నీళ్లు మెత్తగా, అంటే ఖనిజ లవణాలు తక్కువగా, కాస్త ఆమ్లంగా ఉంటే ఈ పొర సరిగ్గా కట్టదు. అందుకే చాలాచోట్ల నీటి శుద్ధి కేంద్రంలోనే ఆర్థోఫాస్ఫేట్ అనే పదార్థం కలుపుతారు. అది సీసంతో కలిసి, నీళ్లలో దాదాపు కరగని గట్టి పొరగా మారుతుంది.

అంటే ఇంట్లోవాళ్ల ఆరోగ్యం, వెంట్రుకవాసి మందం కూడా ఉండని ఒక పెచ్చు మీద ఆధారపడి ఉంది. నీళ్ల తీరు మారితే ఆ పెచ్చూ మారుతుంది.

వాషింగ్టన్ డీసీలో జరిగింది అదే. ఆ నగరపు నీళ్లలో క్లోరిన్ ఎక్కువగా ఉండటంతో, చాలా పైపుల లోపల లెడ్ డయాక్సైడ్ అనే గోధుమరంగు పొర కట్టింది. అది మొండి పదార్థం, అంత తేలిగ్గా కరగదు. అయితే క్లోరిన్ నీళ్లలోని సేంద్రియ పదార్థంతో కలిసి వేరే హానికర రసాయనాలను పుట్టిస్తుంది. వాటిని తగ్గించాలని 2000 నవంబరులో క్లోరిన్ బదులు, క్లోరిన్‌కి అమ్మోనియా కలిపి చేసే క్లోరమైన్ వాడటం మొదలుపెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ క్లోరమైన్‌కి ఆక్సీకరణ శక్తి తక్కువ. క్లోరిన్ ఉన్నంతకాలం నిలబడ్డ ఆ గోధుమరంగు పొర, క్లోరిన్ పోగానే కరిగే రూపంలోకి మారి కుళాయిల్లోకి దిగింది. ఒక ఇబ్బందికి చేసిన వైద్యం ఇంకోచోట రోగమై తేలిందన్నమాట. ఆ తర్వాతి మూడు నాలుగేళ్లు నగరంలో సీసం మోతాదు హద్దులు దాటింది.

మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ కథలో అలాంటి మంచి ఉద్దేశం కూడా లేదు, ఖర్చు తగ్గించుకోవడమే. 2014 ఏప్రిల్లో డెట్రాయిట్ నుంచి వచ్చే నీళ్లు ఆపేసి, ఫ్లింట్ నది నీళ్లు వదిలారు. ఆ నీళ్లలో క్లోరైడ్ ఎక్కువ, లోహాలను కొరికే గుణం ఎక్కువ. పైగా అంతకుముందు నీళ్లతో పాటే వచ్చే ఫాస్ఫేట్ ఆగిపోయింది. కొత్తగా కలపనూలేదు. పాత పొరలు కరగడం, ఊడిపోవడం మొదలైంది. ఆ ఏడాది అక్టోబరులో అక్కడి జనరల్ మోటార్స్ ఇంజన్ ఫ్యాక్టరీ, ఈ నీళ్లకు తమ విడిభాగాలు తుప్పు పడుతున్నాయని వేరే నీళ్లకు మారిపోయింది. ఇంజన్లు బతికిపోయాయి. జనం మాత్రం మరో ఏడాది అవే నీళ్లు తాగారు. పిల్లల వైద్యురాలు మోనా హన్నా-అటీషా పిల్లల రక్త పరీక్షల లెక్కలు బయటపెట్టాకే, 2015 అక్టోబరులో మళ్లీ పాత నీళ్లు వచ్చాయి.

పిల్లల రక్తం గురించే ఎందుకంత ఆందోళన? సీసం ఒంట్లో కాల్షియంలా నటిస్తుంది. కాల్షియం వెళ్లే దారుల్లోనే దూరి, నాడీకణాల పనిలో వేలు పెట్టి, చివరికి ఎముకల్లో చేరి దశాబ్దాలపాటు తిష్ఠ వేస్తుంది. మింగిన సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టేది పదో వంతు అయితే, చిన్నపిల్లలకు సగం దాకా పట్టొచ్చు. ఇంత వరకు ఫర్వాలేదు అనదగ్గ మోతాదు పిల్లల్లో ఇప్పటిదాకా కనిపించలేదు. లీటరు నీటిలో 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే అంకె కూడా సురక్షితమని పెట్టింది కాదు, ఆచరణలో సాధించగలమని పెట్టింది. రంగు, రుచి, వాసన దేని వల్లా ఈ సీసం బయటపడదు. కాచితే పోతుందనుకుంటే అదీ పొరపాటే. సూక్ష్మజీవులు చస్తాయి కానీ సీసం ఎక్కడికీ పోదు. ఆవిరై నీళ్లు తగ్గుతాయి కాబట్టి మోతాదు కాస్త పెరుగుతుంది కూడా.

నీళ్లు పరీక్ష చేయించడంలోనూ ఒక మెలిక ఉంది. రాత్రంతా నిలవున్న నీళ్లలోకి సీసం ఎక్కువగా దిగుతుంది కాబట్టి, పొద్దున్నే మొదటి లీటరు పట్టి పంపమంటారు. ఆ లీటరు ఎక్కడ నిలవుందో లెక్క వేసి చూద్దాం. కుళాయి నుంచి మీటర్ దాకా ఇంట్లో 12.7 మిల్లీమీటర్ల పైపు 20 మీటర్లు ఉందనుకుంటే, అందులో పట్టేవి రెండున్నర లీటర్లు. అవతల సర్వీస్ లైన్ 19 మిల్లీమీటర్లది 12 మీటర్లు ఉంటే, అందులో 3.4 లీటర్లు. అంటే మొదటి లీటరు సీసం పైపు మొహం చూసిందే రాత్రి పడుకోబోయే ముందు, కుళాయి వాడినప్పుడు. సీసంలో నానిన నీళ్లు మూడో లీటరు నుంచి ఆరో లీటరు దాకా వస్తాయి. మొదటి లీటరు బాగుందని సంబరపడితే దొంగను వదిలేసి పక్కింటివాణ్ణి సోదా చేసినట్టే. అమెరికా నిబంధనల్లో ఈ సంగతి చేరడానికి 1991 నుంచి మూడు దశాబ్దాలు పట్టింది. సీసం లైన్ ఉన్న ఇళ్లలో ఇప్పుడు అయిదో లీటరు కూడా చూడమంటున్నారు.

పైపు మార్చేద్దాం అనుకున్నాక అసలు గొడవ మొదలవుతుంది. అది ఎవరి పైపు? చాలా ఊళ్లలో మెయిన్ నుంచి స్థలం హద్దు దాకా నీటి సంస్థది, అక్కడి నుంచి లోపలికి ఇంటి యజమానిది. భూమిలో ఒకటే పైపు, కాగితాల మీద రెండు. సంస్థ తన సగం మార్చి, హద్దు దగ్గర కొత్త రాగి పైపుని పాత సీసం పైపుకి కలిపి గుంత పూడ్చేస్తుంది. సీసం సగానికి తగ్గింది కాబట్టి ప్రమాదమూ సగానికి తగ్గాలి కదా అనిపిస్తుంది. తగ్గకపోగా కొన్నాళ్లు పెరగొచ్చు.

ఎందుకంటే పాత పైపుని రంపంతో కోస్తున్నప్పుడు ఆ అదురుకి లోపలి పెచ్చులు రాలతాయి. ఒక్కో పెచ్చులో, లీటర్ల కొద్దీ నీళ్లలో కరిగి ఉండేదానికన్నా ఎక్కువ సీసం ఉండొచ్చు. అవి వారాలు, ఒక్కోసారి నెలల తరబడి ఏదో ఒక గ్లాసులో తేలుతుంటాయి. రెండోది ఇంకా విచిత్రం. రాగి, సీసం ఒకదాన్నొకటి తాకుతూ, మధ్యలో నీళ్లుంటే అది బ్యాటరీయే. ఆ బ్యాటరీలో అరిగిపోయేది సీసం. పాత పైపు మామూలుగా వదిలేదానికన్నా ఆ అతుకు దగ్గర ఎక్కువ వదులుతుంది. పర్యావరణ సంస్థ శాస్త్ర సలహా మండలి 2011లో ఈ అధ్యయనాలన్నీ చూసి, సగం మార్పిడి వల్ల సీసం నమ్మకంగా తగ్గుతుందని తేలలేదని, కొత్తలో పెరగొచ్చని చెప్పింది. నా మటుకు, పూర్తిగా మార్చే ఏర్పాటు కుదిరేదాకా ఆ పైపుని కదపకుండా ఫిల్టర్ వాడుకోవడమే నయం అంటాను. లీకేజీ వచ్చి తప్పకపోతే వేరే మాట.

అమెరికాలోని మేడిసన్ అనే ఊరు ఈ సంగతి ముందే గ్రహించింది. ఫాస్ఫేట్ కలిపితే అది చివరికి ఊరి చెరువుల్లో చేరి నాచు పెంచుతుందని, 2001 నుంచి పదకొండేళ్లలో సుమారు 8,000 లైన్లు ఈ చివర నుంచి ఆ చివర దాకా మార్చేసింది. యజమానుల వాటా ఖర్చులో సగం దాకా తిరిగిచ్చింది. న్యూజెర్సీ రాష్ట్రంలోని న్యూఅర్క్ నగరం ఇంకా తొందరపడింది. అక్కడ అద్దె ఇళ్లు ఎక్కువ, యజమానులు ఎక్కడెక్కడో ఉంటారు. వాళ్ల సంతకాల కోసం ఆగకుండా పైపు మార్చవచ్చని నగరం చట్టం చేసుకుని, యజమానుల దగ్గర పైసా తీసుకోకుండా మూడేళ్లలోపే 23,000 పైచిలుకు లైన్లు మార్చింది.

పని ఒక రోజులో అయిపోతుంది. పొడుగునా కందకం తవ్వాల్సిన పనిలేదు. రోడ్డు దగ్గర ఒక గుంత, ఇంటి దగ్గర ఒకటి చాలు. పాత పైపులోంచి ఉక్కు తీగ దూర్చి, దాని చివర కొత్త పైపు కట్టి, అవతల నుంచి యంత్రంతో లాగుతారు. పాతది బయటికొస్తుంటే దాని వెనకే కొత్తది లోపలికి వెళ్తుంది, లంగా బొందు ఎక్కించినట్టు. కొన్ని నేలల్లో పాత పైపు మధ్యలో తెగుతుంది. అప్పుడు పక్కనే కొత్తగా బోరు కొట్టి వేరే దారి వేస్తారు. పాతది రెండు చివరలూ మూసేసి మట్టిలోనే వదిలేస్తారు.

ప్లంబర్‌కి గుర్తుండనిది, ఎలక్ట్రీషియన్‌కి ఎవరూ చెప్పనిది ఒకటుంది. పాత ఇళ్లలో కరెంటు ఎర్తింగ్‌ని ఈ నీళ్ల పైపుకే కట్టేవారు. లోహపు పైపు తీసి ప్లాస్టిక్ పైపు వేస్తే ఇల్లు ఎర్తింగ్ లేకుండా మిగిలిపోతుంది. నీళ్లు మామూలుగానే వస్తాయి, లైట్లూ వెలుగుతాయి, ఎవరికీ అనుమానం రాదు. తవ్వకం మొదలుపెట్టే ముందే విడిగా ఎర్త్ రాడ్ దింపించుకోవాలి.

కొత్త పైపు బిగించగానే గ్లాసు పట్టుకుని పరుగెత్తకూడదు. కుళాయిల మూతికి ఉండే జాలీలు విప్పేసి, కింది అంతస్తు నుంచి మొదలుపెట్టి అన్ని చన్నీళ్ల కుళాయిలూ పూర్తిగా తిప్పి అరగంట వదలాలి. విప్పిన జాలీని తెల్ల కాగితం మీద తట్టి చూస్తే, ఇసుకలాంటి బూడిద, గోధుమ రంగు రేణువులు రాలొచ్చు. ఆ తర్వాత ఆరు నెలలపాటు తాగే నీళ్లకు, వంటకు సీసం తీసే ధ్రువీకరణ ఉన్న ఫిల్టర్ వాడాలి. మామూలు ఫిల్టర్లన్నీ సీసాన్ని ఆపవు. మూడు నుంచి ఆరు నెలల మధ్య ఇంకోసారి నీళ్లు పరీక్ష చేయించాలి.

ఆ పరీక్షలోనూ సీసం కనిపిస్తే కొత్త పైపుని తిట్టి లాభం లేదు. గోడల్లో జింకు పూత ఇనుప పైపులుంటే, వాటి లోపలి తుప్పు ఇన్నేళ్లూ ఎగువ నుంచి వచ్చిన సీసాన్ని స్పాంజిలా పీల్చి దాచుకుని ఉంటుంది. సీసం పైపు పోయాక కూడా దాన్ని కొంచెం కొంచెంగా వదులుతూనే ఉంటుంది. పాత ఇత్తడి కుళాయిలో, రాగి పైపుల అతుకుల్లోని పాత టంకంలో కూడా సీసం ఉంటుంది. మొదటి లీటర్లోనే ఎక్కువుంటే కుళాయిని, రెండో లీటర్లో ఎక్కువుంటే గోడలోని పైపుల్ని అనుమానించాలి. కాబట్టి పరీక్షకు ఒక్క సీసాతో సరిపెట్టకండి. పొద్దున్నే కుళాయి తిప్పగానే వరసగా ఆరు సీసాలు పట్టి, ఒక్కోదాని మీద నంబరు వేసి పంపండి.